ఎముకల పెట్టె, ఇప్పమొద్దు

‘ఒకే నది, మూడు మతాలు. గురువారానికల్లా కావాలి’ అన్నారు ఎడిటర్. శీర్షికలో ‘సామరస్యం’ పడాలట. ఆ మాటంటే నాకు కొంచెం అనుమానం. ఒక మతం ఖాళీ చేసి వెళ్లిన కొండను సామరస్యం అనొచ్చా? అనుకుంటూనే కోటబొమ్మాళిలో టీ తాగి, మడపాం దగ్గర వంశధార దాటి శాలిహుండం కొండెక్కాను.

ఇటుక స్తూపాలు, మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలు అన్నీ చూశాను. నన్ను వదలనిది మాత్రం ఊరి పేరు. అది శాలివాటిక అంటారు కొందరు. శాలి అంటే వరి. కాదు, శల్యపేటిక అంటారు ఇంకొందరు. అంటే ఎముకల పెట్టె. ఇక్కడి తవ్వకాల్లో ధాతుపేటికలు నిజంగానే దొరికాయి మరి! బౌద్ధం ఈ ఒడ్డున కనుమరుగై ఎనిమిది వందల ఏళ్లు. బుద్ధుణ్ణి మరిచిన జనం నోట ఆయన పెట్టె మాత్రం నిలిచిందనుకోవడం నాకిష్టం. పెట్టె దొరికాక పండితులెవరో పేరును సాగదీశారేమోనన్న శంకా లేకపోలేదు.

ఈ కొండను 1919లో వెలుగులోకి తెచ్చింది ఎవరో కాదు, గిడుగు రామమూర్తి. జనం మాట్లాడేదే భాష అని జీవితమంతా పోరాడిన మనిషి. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ఇదే నదికి ఎగువన, శ్రీముఖలింగం దగ్గర. ముఖలింగం గుడి కథ సవర గిరిజనులది. ఒక సవర దొరకు ఇద్దరు పెళ్లాలు. ఇప్పపూల దగ్గర ఇద్దరికీ రోజూ తగువు. విసిగిపోయి చెట్టు నరికితే మొద్దులో శివుడు కనిపించాడట. గర్భగుడిలో ఉన్నది ఆ మొద్దే అంటారు. ఇప్పకు సంస్కృతంలో మధూకం. అలా అడవి చెట్టు మధుకేశ్వరుడైంది. చెట్టు పేరు గుడికెక్కింది కానీ, సవరల మాట పుస్తకానికెక్కడానికి గిడుగే పూనుకోవాల్సి వచ్చింది. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు.

చరిత్ర గబగబా: శాలిహుండంలో క్రీ.పూ. 2 నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం దాకా థేరవాదం, మహాయానం, వజ్రయానం. ముఖలింగం తూర్పు గాంగుల కళింగనగరం. పూరీ జగన్నాథాలయానికి పూనుకున్న అనంతవర్మ చోడగంగదేవుడు ఆ వంశంవాడే.

బాక్సులో మిగిలినవి
సరుబుజ్జిలి మండలం దంతవరపుకోట: ఇదే దంతపురి అని మనవాళ్ల మాట. బుద్ధుడి దంతాన్ని కళింగ రాకుమారి హేమమాల జడలో దాచి సింహళం చేర్చింది ఇక్కణ్నుంచేనంటారు. కాదు, మా ఊరేనని పూరీకీ, బెంగాల్లోని దంతన్‌కూ వాదముంది.
కళింగపట్నం: వంశధార కడలిలో కలిసే చోటు. పాత రేవు, లైట్‌హౌస్, దర్గా. మూడో మతం ఇక్కడుంది. నాకు పొద్దు చాల్లేదు.

కొండ దిగేసరికి మళ్లలో ఉభాలు జరుగుతున్నాయి. గట్టు మీదున్న ఒక పెద్దాయన్ని ఆపి, ఊరి పేరు ఎముకల పెట్టె నుంచి వచ్చిందా, వరి నుంచి వచ్చిందా అని అడిగాను.

‘పెట్టె సంగతి నాకు తెల్దు బాబూ. వరయితే ఇదిగో’ అని చేతిలోని నారుకట్ట చూపించాడు.