తప్పు పిల్లది కాదు

ఇప్పుడు పల్లెల నుంచి కూడా ఆడపిల్లలు కాలేజీకి పోతున్నారు. కొందరు రోజూ బస్సెక్కి పోయి వస్తారు. కొందరు హాస్టల్లో ఉండి చదువుతారు. తల్లి కూలి చేసి, పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఫీజు కడుతుంది. అలాంటి పిల్ల ఒకరోజు "నేనిక కాలేజీకి పోను" అంటుంది. ఎందుకని అడిగితే చెప్పదు. సరిగ్గా అన్నం తినదు.

దీనికి కారణాలు చాలా ఉండొచ్చు. వాటిలో ఒకటి లైంగిక వేధింపు.

వేధింపు అంటే ఏమిటి?

ఇష్టం లేకుండా ఒంటి మీద చెయ్యి వెయ్యడం. వెంటపడడం. బూతు మాటలు అనడం. ఫోనులో పాడు బొమ్మలు పంపడం. "నా మాట వింటేనే మార్కులు" అని బెదిరించడం. ఇవన్నీ వేధింపులే. చేసేవాడు తోటి విద్యార్థి కావచ్చు. పాఠం చెప్పే సారు కావచ్చు. ఆఫీసులో పనిచేసేవాడు కావచ్చు.

పిల్ల ఎందుకు చెప్పదు? "ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు, పెళ్లి చేసేస్తారు" అని భయం. "ఆ వేళప్పుడు అక్కడికెందుకు పోయావు?" అంటారని భయం. ఇంట్లో దొంగ పడితే దొంగను తిడతాం. ఇల్లుగలామెను తిట్టం. ఇదీ అంతే.

చట్టం ఎలా వచ్చింది?

రాజస్థాన్‌లో భటేరి అనే ఊరుంది. ఆ ఊరి భన్వరీ దేవి పేద కుమ్మరి మహిళ. ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో పనిచేసేది. ఒక బాల్యవివాహాన్ని ఆపాలని చూసింది. ఆ కక్షతో 1992లో ఆమెపై అత్యాచారం చేశారు. ఆమె దాచుకోలేదు. కోర్టుకెక్కింది. కింది కోర్టు 1995లో అత్యాచారం కేసు కొట్టేసింది.

మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. వాటిలో ఒకదాని పేరు విశాఖ. 1997 ఆగస్టు 13న కోర్టు తీర్పు చెప్పింది. పనిచేసే ప్రతిచోటా వేధింపుల ఫిర్యాదులు వినడానికి ఒక కమిటీ ఉండాలంది. 2013లో చట్టం వచ్చింది. 2016లో యూనివర్సిటీలకు, వాటి కింది కాలేజీలకు విడిగా నియమాలు వచ్చాయి.

కమిటీ ఏం చేస్తుంది?

కమిటీకి పెద్దగా ఒక మహిళ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగంమంది ఆడవాళ్లే ఉండాలి. బయటి సంస్థ నుంచి ఒకరుండాలి.

జరిగిన 3 నెలల్లోపు ఫిర్యాదు రాసి ఇవ్వాలి. తగిన కారణముంటే మరో 3 నెలలు గడువిస్తారు. రాయలేకపోతే కమిటీవాళ్లే సాయం చెయ్యాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. విచారణ జరిగేటప్పుడు ఆ సారు ఆమె పేపర్లు దిద్దకుండా ఆపవచ్చు. ఆమెకు సెలవు ఇవ్వవచ్చు. ఆమె అడగకుండా రాజీ కుదర్చకూడదు. డబ్బులిచ్చి రాజీ చెయ్యడం అసలే కుదరదు.

కమిటీకి చెప్పినా పోలీసు కేసు కూడా పెట్టుకోవచ్చు.

అత్యాచారం జరిగితే?

వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చెయ్యాలి. స్నానం చెయ్యకముందే వెళ్తే సాక్ష్యం దొరుకుతుంది. స్నానం చేసినా సరే, వెళ్లాలి. ఆ బట్టలు ఉతక్కుండా దాచాలి. ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. "ఇది మా పరిధి కాదు" అనకూడదు. ఆమె పేరు బయటపెట్టడం నేరం.

ఇంటర్ చదివే పిల్లల్లో చాలామందికి 18 ఏళ్లు నిండవు. వాళ్లకు పోక్సో చట్టం ఉంది. ఇది 2012లో వచ్చింది. వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి.

181కి ఫోన్ చేస్తే మహిళలకు సాయం అందుతుంది. సఖి కేంద్రంలో వైద్యం, న్యాయ సలహా, కొద్దిరోజులు ఉండే చోటు దొరుకుతాయి. పిల్లల కోసం 1098. ఆపదలో 112.

ఇంట్లోవాళ్లు ఏం చెయ్యాలి?

ముందు పిల్ల మాట పూర్తిగా వినాలి. "నిన్ను నమ్ముతున్నా" అనాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నది రాసి పెట్టాలి. ఫోనులో వచ్చినవి చెరపకూడదు. ఏం చెయ్యాలో ఆమెనడిగి చెయ్యాలి. కమిటీ దగ్గరికి తోడు వెళ్లాలి.

చదువు మాత్రం మాన్పించకూడదు. మాన్పిస్తే తప్పు చేసినవాడు కాలేజీలో ఉంటాడు. తప్పు చెయ్యని పిల్ల ఇంట్లో కూర్చుంటుంది.

మాట్లాడుకోండి

1. మీ పిల్లల కాలేజీలో కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు?
2. పిల్లలు ఇలాంటి సంగతులు భయపడకుండా ఇంట్లో చెప్పాలంటే ఏం చెయ్యాలి?