వణుకు మాత్రలు పడటం లేదని మానేయకండి

మధిర చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చే పార్కిన్సన్ రోగుల ఇంటివారు మాతో తరచు అనే మాట ఒకటుంది: "మాత్రలు పడటం లేదండీ, ఆపేశాం." ఈ మాట వింటే మాకు భయమేస్తుంది. ఎందుకో చెబుతాం.

ఒక పెద్దాయనకు రాత్రిళ్ళు ఇంట్లో ఎవరో చిన్నపిల్లలు తిరుగుతున్నట్టు కనబడసాగింది. ఇంట్లోవాళ్ళు కంగారుపడి మాత్రలన్నీ ఒక్కసారే ఆపేశారు. మూడో రోజుకు ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి, జ్వరం కాసి, గుక్కెడు నీళ్ళు కూడా మింగలేని స్థితిలో తీసుకువచ్చారు. లెవోడోపాను హఠాత్తుగా ఆపితే ఇలా జరగవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. తీరా చూస్తే ఆయనకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది. దానికి వైద్యం చేసి, వణుకు కోసం వాడుతున్న పాసిటేన్ మాత్రను మెల్లగా తగ్గించాక పిల్లలు కనబడటం పోయింది. లెవోడోపా మాత్రం ఆయన ఇప్పటికీ వేసుకుంటున్నారు. వయసు మళ్ళినవారిలో మతిమరుపు, మూత్రం బిగబట్టడం, నోరు ఎండిపోవడం ఎక్కువగా తెచ్చేది ఈ పాసిటేన్ రకమే. దానినైనా డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి గాని సొంతంగా ఆపకూడదు.

ఈ జబ్బులో మెదడులో డోపమిన్ అనే పదార్థం తగ్గిపోతుంది. లెవోడోపా మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారుతుంది. దారిలోనే, అంటే పేగుల్లో, రక్తంలో మారిపోతే వాంతులు, తలతిరుగుడు వస్తాయి. అలా మారకుండా అడ్డుకోవడానికే అదే మాత్రలో కార్బిడోపా కలుపుతారు. 100 మిల్లీగ్రాముల లెవోడోపాకు 10 మిల్లీగ్రాముల కార్బిడోపా ఉన్న రకం ఒకటి, 25 ఉన్న రకం ఒకటి దొరుకుతాయి. రోజుకు కనీసం 70 మిల్లీగ్రాములైనా కార్బిడోపా అందకపోతే వికారం ఎక్కువ. మందుల షాపులో "రెండూ ఒకటేలెండి" అని వేరే షీటు ఇస్తే తీసుకోకండి. రెండూ ఒకటి కావు.

వికారంగా ఉంటే మాత్రతోపాటు రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో తినవచ్చు. వికారం లేనివారు భోజనానికి అరగంట ముందుగాని, తిన్న గంట తర్వాతగాని వేసుకోవడం మంచిది. పప్పు, గుడ్డు, పాలు, మాంసం మాత్రతో కలిస్తే మందు సరిగా పట్టదు. అలాగని పప్పు మానేస్తే కండ కరిగిపోతుంది. మాత్రకు, వాటికి మధ్య ఎడం ఉంటే చాలు.

వాంతులకని పెరినార్మ్, తలతిరుగుడుకని స్టెమెటిల్ చాలామంది అడిగి మరీ వేసుకుంటారు. ఈ జబ్బు ఉన్నవారికి ఆ రెండూ పనికిరావు. అవి డోపమిన్ పనినే అడ్డుకుంటాయి, బిగుసుకుపోవడం ఇంకా పెరుగుతుంది. ఏ డాక్టరు దగ్గరికి, ఏ ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్ళినా "మాకు పార్కిన్సన్ ఉంది" అని ముందుగా చెప్పండి.

లేచి నిలబడగానే కళ్ళు తిరిగితే, అది బి.పి. పడిపోవడం కావచ్చు. ఆరాధనలో అంతసేపు కూర్చుని పాటకు చటుక్కున లేచి పడిపోయినవారు ఉన్నారు. కాస్త ఆగి, ముందు బెంచీ పట్టుకుని లేవండి. కూర్చునే పాడినా ఎవరూ ఏమీ అనుకోరు. మన ఖమ్మం జిల్లా ఎండల్లో నీళ్ళు, మజ్జిగ ఎక్కువ తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు ఎంత తాగాలో అడిగి తెలుసుకోండి. ఏళ్ళ తరబడి వాడుతున్న బి.పి. మాత్రను ఇప్పుడు తగ్గించాల్సి రావచ్చు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బి.పి. చూడమని మీరే అడగండి.

కొన్నేళ్ళు వాడాక చేతులు, మెడ మెలికలు తిరుగుతూ ఊగుతాయి. ఇంటివారు దానిని వణుకు పెరిగిందనుకుని ఇంకో మాత్ర వేస్తారు. చాలాసార్లు అది మందు ఎక్కువైన గుర్తు. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వాడేవారిలో మరొకటి ఉంది: ఎన్నడూ లేనిది పేకాట మీదికో, అదేపనిగా కొనడం మీదికో మనసు పోతుంది. అది మందు చేసే పని, మనిషి చెడిపోవడం కాదు. రోగి సిగ్గుతో చెప్పడు, ఇంటివారే చెప్పాలి. ఈ మాత్రలకు హఠాత్తుగా నిద్ర ముంచుకు రావచ్చు. అలాంటివారు బండి నడపకూడదు.

ఇక దూలగొండి. అడవి అంచుల్లో పాకే ఆ తీగ గింజల్లో లెవోడోపా ఉన్న మాట నిజమే. 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి చూపించారు. అయితే గింజ గింజకూ మోతాదు మారుతుంది, అందులో కార్బిడోపా ఉండదు. మాత్రలు వేసుకుంటూ ఆ పొడి కూడా తింటే, తెలియకుండానే రెండు మోతాదులు వేసుకున్నట్టే.

ఈసారి వచ్చేటప్పుడు మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో, వికారం, ఊపు, కళ్ళు తిరగడం ఎప్పుడెప్పుడు వచ్చాయో ఒక వారంపాటు కాగితం మీద రాసి తీసుకురండి. ఇంట్లో ఉన్న షీట్లన్నీ సంచిలో వేసుకురండి. పొడులు, కషాయాలు ఉంటే అవీ తెండి, మేము కోప్పడం.