దాంపత్యంలో కోరికల వ్యత్యాసం – షరీఅత్ దృక్పథం

పెళ్ళయి పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో గడిచిన దంపతుల మధ్య తలెత్తే ఒక సమస్యను గురించి మన మస్జిదుల ప్రసంగాలలో గాని, పత్రికలలో గాని దాదాపు ఏమీ చెప్పబడటం లేదు. ఇద్దరిలో ఒకరికి దాంపత్య సుఖం పట్ల కోరిక మునుపటి మాదిరిగానే ఉంటుంది. రెండవ వారికి అది తగ్గిపోతుంది, లేదా బొత్తిగా నశిస్తుంది. ఇద్దరూ నమాజు చేసేవారే, పిల్లల కోసం పాటుపడేవారే, ఒకరి శీలాన్ని మరొకరు శంకించేవారు కారు. అయినా ఇంట్లో ఏదో మౌనం అలముకుంటుంది. ఆలిముల దగ్గరకు వచ్చేసరికి ఆ మౌనం వేరే పేరు తగిలించుకుంటుంది. భర్త వస్తే, "నా భార్య మాట వినటం లేదు" అంటాడు. భార్య రావటమే అరుదు. వచ్చినా, "ఆయనకు నామీద ధ్యాస లేదు" అని అక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి ఇద్దరూ చెప్పరు.

ఎక్కువ కోరిక ఎప్పుడూ పురుషునిదే అన్న భావం మనలో బలంగా పాతుకుపోయింది. ఇది సరికాదు. నలభై దాటిన తరువాత భర్తే దూరంగా జరిగే ఇళ్ళు తక్కువేమీ కావు. అటువంటి చోట భార్య తన బాధను చెప్పుకునేందుకు మాటలు కూడా దొరకవు. చెబితే సిగ్గులేనిదన్న నింద, చెప్పకపోతే లోలోపల కుమిలిపోవటం.

ఈ విషయమై మన వక్తలు సాధారణంగా ఎత్తే హదీసు ఒక్కటే. భర్త పడకకు పిలిచినప్పుడు భార్య నిరాకరించగా, అతను ఆమె మీద కోపంతోనే ఆ రాత్రి గడిపితే తెల్లవారేదాకా దైవదూతలు ఆమెను శపిస్తారన్న భావంగల ఆ హదీసును హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ అది ఉంది. దాని ప్రామాణికతను గురించి చర్చ లేదు. అయితే అది ఏ సందర్భానికి వర్తిస్తుందన్నది కూడా ధర్మవేత్తలు వివరించారు. కారణమేమీ లేకుండా, భర్తను నొప్పించే ఉద్దేశంతో ముఖం తిప్పుకునే స్త్రీని గురించి అది హెచ్చరిక. జబ్బుపడిన స్త్రీకి, ఆ కలయిక వల్ల హాని కలిగే స్త్రీకి అది వర్తించదు. మన ప్రాంతంలో అత్యధికులు అనుసరించే హనఫీ ఫిఖ్హ్‌లోనే ఇంకొక మాట ఉంది, దాన్ని మింబరు మీద నుంచి వినటం అరుదు. 1836లో మరణించిన ఇబ్నె ఆబిదీన్ (రహ్మ) ప్రసిద్ధ గ్రంథం 'రద్దుల్ ముహ్తార్'లో ఈ విషయం చర్చించబడింది: సంభోగం మితిమీరటం వల్ల భార్య బాధపడుతున్నట్లయితే, ఆమె తట్టుకోగలిగిన మేరకు మించి భర్త కోరటం ధర్మసమ్మతం కాదు. అంటే భర్త హక్కుకు భార్య శక్తి హద్దుగా నిర్ణయించబడింది. పగలు భార్యను బానిసను కొట్టినట్లు కొట్టి, రాత్రి ఆమె పక్కకు చేరే మనిషిని దైవప్రవక్త (స) మందలించారన్న సంగతి కూడా బుఖారీ, ముస్లింలలోనే ఉంది. మొదటి హదీసును కంఠతా పట్టినవారు దీన్ని కూడా జ్ఞాపకముంచుకోవటం న్యాయం.

ఇక రెండవ పక్షం, అనగా భార్యకుగల హక్కు. దీనికి సంబంధించి ప్రారంభకాలపు ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో ఒక స్త్రీ ఆయన వద్దకు వచ్చి, తన భర్త పగలంతా ఉపవాసముంటాడనీ, రాత్రంతా నమాజులో నిలబడతాడనీ చెప్పింది. హజ్రత్ ఉమర్ (రజి) ఆమె భర్తను ప్రశంసించారు. ఆమె మళ్ళీ అదే మాట చెప్పింది, ఆయన మళ్ళీ ప్రశంసించారు. అక్కడే కూర్చునివున్న కఅబ్ బిన్ సూర్ (రహ్మ) కల్పించుకుని, ఆమె భర్తను పొగడటం లేదు, తన పడక విషయమై ఫిర్యాదు చేస్తున్నదని తెలియజేశారు. గ్రహించినవాడవు నీవే గనుక తీర్పు కూడా నీవే చెప్పమన్నారు హజ్రత్ ఉమర్ (రజి). కఅబ్ భర్తను పిలిపించారు. పురుషునికి నలుగురు భార్యల వరకు అనుమతి ఉంది. ఆ లెక్కన నాలుగు రోజులలో ఒకటి ఈ భార్యకు చెందుతుంది, మిగిలిన మూడు రోజులూ నీ ఆరాధనకు అని ఆయన తీర్పు. హజ్రత్ ఉమర్ (రజి) ఆ తీర్పును మెచ్చుకుని ఆయనను బస్రాకు ఖాజీగా నియమించారు.

ఈ ఉదంతంలో తీర్పు కంటే కూడా ఆ స్త్రీ మాట్లాడిన తీరు గమనార్హమైనది. ఆమె ఫిర్యాదు పొగడ్త రూపంలో వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) అంతటి సూక్ష్మబుద్ధికే అది వెంటనే తట్టలేదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) విషయంలో జరిగిందీ ఇటువంటిదే. మామగారు కోడలిని ఆమె భర్త గురించి అడిగితే, చాలా మంచి మనిషి అని మెచ్చుకుంటూనే, వచ్చినప్పటి నుంచి తన పడక దరి చేరలేదని చెప్పింది. విషయం దైవప్రవక్త (స) దాకా వెళ్ళింది. శరీరానికీ కళ్ళకూ హక్కు ఉన్నట్లే భార్యకు కూడా నీపై హక్కు ఉందని ఆయన బోధించారు. ఈనాడు మన ఇళ్ళల్లో, "మా ఆయన దేవుడిలాంటి మనిషండీ, ఎప్పుడూ తన పనే తనది" అనే మాట వినబడినప్పుడు అందులో పొగడ్త ఎంత, ఫిర్యాదు ఎంత అని అమ్మగాని, అక్కగాని ఒక క్షణం ఆలోచించటం మంచిది.

మరి ఎన్నాళ్ళకొకసారి? ఈ ప్రశ్నకు ఇమాములు ఒకే జవాబు ఇవ్వలేదు. భార్య పరిశుద్ధంగా ఉన్న ప్రతి కాలంలోనూ కనీసం ఒకసారి తప్పనిసరి అన్నారు ఇబ్నె హజ్మ్. హంబలీలు నాలుగు నెలల గడువు పెట్టారు. భార్యకు దూరంగా ఉంటానని ప్రమాణం చేసినవానికి దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన గడువే (అల్ బఖర: 226) వారికి ఆధారం. హనఫీల ప్రకారం న్యాయస్థానం ద్వారా కోరదగినది ఒక్కసారే అయినా, దేవుని సన్నిధిలో భర్తపై బాధ్యత కొనసాగుతూనే ఉంటుంది. భార్య సమ్మతి లేకుండా ఆ ఎడబాటు నాలుగు నెలలకు చేరరాదు. నాలుగు రాత్రులకొకసారి అన్నది మధ్యేమార్గమని ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా'లో రాస్తూ, ఆమె అవసరాన్ని బట్టి అది పెరగవచ్చు, తగ్గవచ్చు అని కూడా చేర్చారు. ఇబ్నె తైమియ్యా (రహ్మ) లెక్కలన్నీ పక్కనబెట్టి, భార్యకు తృప్తి కలిగేంత, భర్త దేహానికీ జీవనోపాధికీ హాని కలగనంత అన్నారు. నాకు ఈ చివరి అభిప్రాయమే వాస్తవానికి దగ్గరగా తోస్తుంది. ఇద్దరి స్థితినీ ఒకేసారి లెక్కలోకి తీసుకున్నది ఇదొక్కటే.

అయితే అవసరం ఎంతో, శక్తి ఎంతో తెలియాలంటే ఇద్దరూ నోరు విప్పాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. పడకటింటి రహస్యాలను బయటపెట్టరాదన్న హదీసును సాకుగా తీసుకుని కొందరు తమలో తాము కూడా మాట్లాడుకోరు. ఆ నిషేధం నలుగురిలో చెప్పుకుని తిరిగేవారిని గురించినది. దంపతులు పరస్పరం చెప్పుకోవటానికిగాని, వైద్యునికో ఆలిముకో విన్నవించుకోవటానికిగాని అది అడ్డు కాదు. ధర్మాన్ని నేర్చుకోవటంలో అన్సారీ స్త్రీలకు సిగ్గు అడ్డురాలేదని హజ్రత్ ఆయిషా (రజి) వారిని మెచ్చుకున్నారు.

మాట్లాడుకునే వేళ కూడా ముఖ్యం. నిరాకరణ జరిగిన రాత్రే పంచాయితీ పెడితే అది తగవుగా మారుతుంది. పగటిపూట, మనసు కుదురుగా ఉన్నప్పుడు చెప్పే మాట వేరు. "నీకు నేనంటే ఇష్టం లేదు" అనటానికీ, "నువ్వు దూరంగా ఉంటే నాకు ఒంటరిగా అనిపిస్తోంది" అనటానికీ ఎంతో తేడా ఉంది. కోరిక తగ్గినవారు కూడా ఊరికే వెనుదిరిగి పడుకోకుండా, ఈరోజు వద్దు అన్న మాటను ప్రేమగా చెప్పి, మరొక రోజును తామే ముందుగా సూచించగలిగితే రెండవవారికి అవమానం అనిపించదు.

ఇంకొక సంగతి. సంభోగం లేకపోతే సాన్నిహిత్యమే అక్కరలేదన్నట్లు చాలామంది ప్రవర్తిస్తారు. తాకితే అక్కడిదాకా పోవాల్సి వస్తుందన్న భయంతో భార్య చెయ్యి కూడా అందనివ్వదు; భర్త కూడా అంతే. బహిష్టు దినాలను గురించిన షరీఅత్ ఆదేశాలు ఈ విషయంలో మనకు దారి చూపుతాయి. ఆ రోజులలో సంభోగం నిషిద్ధమైనా, భార్యను దూరంగా నెట్టటం నిషిద్ధమే. దైవప్రవక్త (స) ఆ దినాలలో కూడా తమ సతీమణుల పక్కనే శయనించేవారు, వారు తాగిన పాత్రలోనే తాగేవారు. కలయిక లేని సాన్నిహిత్యానికి మన ధర్మంలో ఇంత స్థానం ఉండగా, కోరికలు సరిపడని దంపతులు దాన్ని వదులుకోవటం దేనికి?

ఇంటి వసతి మాటకొస్తే, అన్నూర్ సూరా 58వ ఆయతు ఫజ్రుకు ముందు, మధ్యాహ్న విశ్రాంతివేళ, ఇషా తరువాత పిల్లలు సైతం అనుమతి లేకుండా తల్లిదండ్రుల గదిలోకి రాకూడదంటుంది. రెండు గదుల ఇంట్లో ఎదిగిన పిల్లలు, అత్తమామలు అందరూ ఉండే చోట ఈ మూడు వేళలూ ఎక్కడివి? ఇటువంటి ఇళ్ళల్లో భార్య కోరిక చచ్చిపోయిందనుకునేది చాలాసార్లు ఎవరైనా వింటారన్న భయమే.

శరీర కారణాలను కూడా విస్మరించరాదు. ఏళ్ళ తరబడి షుగరు వ్యాధి ఉన్న పురుషులలో నరాలు, రక్తనాళాలు దెబ్బతిని అంగస్తంభన తగ్గటం మామూలు. ఒక్కొక్కసారి గుండె జబ్బుకు అదే ముందస్తు సూచన. రక్తపోటుకు, మానసిక కుంగుబాటుకు వాడే కొన్ని మందులు కోరికను తగ్గిస్తాయి. డాక్టరు వాటిని మార్చగలరు, కాని తమంతట తాము మానివేయటం ప్రమాదం. బహిష్టు ఆగిపోయిన స్త్రీలకు లోపలి తేమ తగ్గి కలయిక నొప్పిగా మారుతుంది. నొప్పికి భయపడి ఆమె తప్పించుకుంటుంది, భర్త దాన్ని అయిష్టమనుకుంటాడు. దీనికి సులువైన చికిత్స ఉంది. థైరాయిడ్ లోపం, కాన్పు తరువాత పాలిచ్చే కాలం కూడా కోరికను తగ్గిస్తాయి. ఇన్ని కారణాలుండగా మనవాళ్ళు పోయేది గోడమీది ప్రకటనల వైద్యుల దగ్గరకు! లైంగిక శక్తిని పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వటాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించిందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు ఎవరో చెప్పారని సిల్డెనఫిల్ మాత్ర మింగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు.

గల్ఫ్ దేశాలలో పనిచేస్తూ రెండేళ్ళకొకసారి వచ్చే భర్తల సంగతి వేరు. భర్త సైన్యంలో ఉన్న ఒక స్త్రీ ఆవేదనను రాత్రి గస్తీలో విని, హజ్రత్ ఉమర్ (రజి) తమ కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను సంప్రదించి సైనికుల ఎడబాటుకు గడువు విధించారు. నాలుగు నెలలని ఒక ఉల్లేఖనం, ఆరు నెలలని మరొకటి. అన్నేళ్ళు విడిగా ఉండి వచ్చినవారికి మొదటి వారంలోనే పాత చనువు దొరకదు. ఆ తడబాటును చల్లదనంగా భావించి నిందించుకోరాదు.

కొందరు దీనికి రెండవ పెళ్ళి ఒక్కటే పరిష్కారమంటారు. రెండవ పెళ్ళి చేసుకున్నంత మాత్రాన మొదటి భార్యకుగల హక్కులలో ఒక్కటీ తగ్గదు. ఒకరిని వేలాడదీసినట్లు వదలివేయరాదని అన్నిసా సూరా 129వ ఆయతు హెచ్చరిస్తున్నది. అదీగాక, కోరిక తగ్గినది భర్తకైతే ఈ సలహా ఎవరికి పనికొస్తుంది? భర్త తగిన కారణం లేకుండా మూడేళ్ళపాటు దాంపత్య బాధ్యతలను నెరవేర్చకపోతే భార్య విడుదల కోరవచ్చని 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం చెబుతున్నది. ఖులా మార్గం కూడా ఉంది. అంతకు ముందు ఇరువైపుల నుంచి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించుకునే పద్ధతిని దివ్య ఖుర్ఆన్ (అన్నిసా: 35) సూచించింది. అయితే వారు ఈ విషయం వినటానికి తగిన గంభీరులై ఉండాలి.

విడిపోకుండా, తగ్గించుకుని సర్దుకునే దారి కూడా ఉంది. వయసు పైబడిన హజ్రత్ సౌదా (రజి) తమ వంతు రోజును హజ్రత్ ఆయిషా (రజి)కు ఇచ్చివేసి దైవప్రవక్త (స) సతీమణిగానే ఉండిపోయారు. ఈనాటి దంపతులు కూడా, కలయిక అరుదుగానే ఉంటుందనో, ఇకపై ఉండదనో ఇష్టపూర్వకంగా ఒప్పుకుని కలిసి బతకవచ్చు. దీన్ని ఎవరూ తప్పుపట్టజాలరు. అయితే వంతును వదులుకున్న భార్య తరువాత దాన్ని తిరిగి కోరవచ్చునని హనఫీ గ్రంథం 'హిదాయా' చెబుతున్నది. ఆమె వదులుకున్నది ఇంకా తన చేతికి రాని హక్కు గనుక ఆ వదులుకోవటం ఎప్పటికీ కట్టుబడేది కాదని కారణం చూపుతుంది. కనుక ఎప్పుడో కుదిరిన ఒప్పందాన్ని చూపించి, ఈరోజు నోరు తెరిచి అడిగిన భార్యను గాని, భర్తను గాని ఊరుకోబెట్టటానికి వీల్లేదు. మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాలి.