71 పైసల అప్పు తీర్చడానికి 10 రూపాయల అప్పు

బెజవాడలో వడ్డీని శాతాల్లో చెప్పేది బ్యాంకులే. చేబదుళ్లు, ప్రోనోటు అప్పులు ఇచ్చేవాళ్లంతా నూటికి నెలకు ఎన్ని రూపాయలన్న లెక్కలోనే మాట్లాడతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24, ఐదంటే 60, పదంటే 120. ఇంటి అప్పు మీద బ్యాంకు 8.5 శాతం వేస్తుందనుకుంటే, ఇదే లెక్కలో అది నూటికి నెలకు 71 పైసలు. అన్ని అప్పులనూ ఇలా ఒకే కొలతలో రాసుకుంటే ఏది ముందు తీర్చాలో వెంటనే తెలిసిపోతుంది. నా ఉద్దేశంలో ఇంటికి అసలు ముప్పు ఈ 71 పైసలది కాదు, ఆ కిస్తీ కట్టడానికి బయట తెచ్చే ఐదు రూపాయలది, పది రూపాయలది.

రోజువారీ ఫైనాన్స్‌నే తీసుకోండి. 10,000 రాసుకుని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. పోయింది 1,500 రూపాయలేగా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తున్నాం కాబట్టి, ఆ వంద రోజుల్లో సగటున మన దగ్గర ఉండేది తీసుకున్నదాంట్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. అలా లెక్కేస్తే రోజుకు 0.33 శాతం, అంటే అచ్చంగా పది రూపాయల వడ్డీ! తోపుడు బండి మీద కూరలు అమ్మేవాళ్లకు అందుబాటులో ఉన్న అప్పు ఇదే కావడం ఊరికి గొప్పేమీ కాదు.

2015 డిసెంబరులో బయటపడి అసెంబ్లీని అట్టుడికించిన కాల్ మనీ వ్యవహారం దీనికి అన్నలాంటిది. అడిగిన క్షణంలో మొత్తం కట్టాలన్న షరతు మీద ఇచ్చే అప్పు అది. అప్పు వంకతో ఆడవాళ్లను వేధించారన్న ఫిర్యాదులతో మొదలైంది. పోలీసు సోదాల్లో ప్రోనోట్లు, ఖాళీ చెక్కులు, ఆస్తి కాగితాలు కట్టలుగా బయటపడ్డాయి. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2006లో, అప్పట్లో బెజవాడ ఉన్న కృష్ణా జిల్లాలోనే వసూళ్ల ఒత్తిడి మీద గొడవలై మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు యాభై దాకా అధికారులు మూయించారు. 2010లో ఈ సంస్థల మీద రాష్ట్రమంతటికీ ఆర్డినెన్స్ వచ్చింది. శాఖలు మూతపడినా నెలాఖరు అవసరం మూతపడలేదు.

ఆ నెలాఖరు ఎలా ఉంటుందో ఒక లెక్క వేద్దాం. ఆటోనగర్‌లో పనిచేసే భర్తకు 32,000, కుట్టుపని చేసే భార్యకు 10,000, మొత్తం 42,000 అనుకోండి. ఇల్లు కొనడానికి 25 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు, 8.5 శాతం వడ్డీ. కిస్తీ 21,696. మొదటి నెల కిస్తీలో వడ్డీకి పోయేది 17,708, అసలులో తగ్గేది 3,988 మాత్రమే. బండి కిస్తీ 3,200, పిల్లల ఫీజు ఏడాదికి 60,000 కాబట్టి నెలకు 5,000, తిండికి, పాలకు, గ్యాసుకు 11,000, కరెంటు, ఫోను, పెట్రోలు కలిపి 3,500. మొత్తం 44,396. తక్కువ పడింది 2,396.

రెండు వేల నాలుగొందలు చిన్న మొత్తమే, ఎవరో ఒకరు సర్దుతారు. ప్రతి నెలా అదే 2,400 ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ కూడా కట్టలేక అసలులో కలుపుతూ పోతే ఏడాదికి 38,200, రెండేళ్లకు 1,06,800, మూడేళ్లకు 2,30,000 అవుతుంది. అదే లోటు 71 పైసల మీద ఉంటే రెండేళ్లకు 62,500. ఫీజులు జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి గనుక నిజంలో పరిస్థితి ఇంతకంటే కష్టంగా ఉంటుంది. ఫీజును పన్నెండుతో భాగించి నెలనెలా పక్కన పెట్టని ఇంటి బడ్జెట్‌ను నేను బడ్జెట్ అనను.

ఈ కుటుంబానికి దారి బ్యాంకులోనే ఉంది. గడువు 30 ఏళ్లకు పెంచమని అడిగితే, వయసు అనుకూలించి బ్యాంకు ఒప్పుకుంటే, కిస్తీ 19,223 అవుతుంది. తగ్గేది 2,473, లోటు సరిగ్గా పూడుతుంది. ఊరికే కాదు లెండి: మొత్తం చెల్లింపు 52.07 లక్షల నుంచి 69.20 లక్షలకు పెరుగుతుంది. అయితే మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పును ముందే తీర్చితే జరిమానా ఉండదు. బండి అప్పు అయిపోయిన నెల నుంచి ఆ 3,200 ఇటు మళ్లిస్తే గడువు మళ్లీ వెనక్కి వస్తుంది.

గడువు మనం అడక్కుండానే పెరిగిన సందర్భమూ ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు ఆర్‌బీఐ రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. 6.75 శాతం మీద 20 ఏళ్ల గడువుకు 25 లక్షలు తీసుకున్నవాళ్ల కిస్తీ 19,009. రేటు 9.25కు చేరేసరికి వడ్డీ ఒక్కటే సుమారు 19,000. కిస్తీ అంతా వడ్డీకే సరిపోయి అసలు కదలకుండా కూర్చుంది. 2023 ఆగస్టులో ఆర్‌బీఐ దీనికి కళ్లెం వేసింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలో, గడువు పెంచుకోవాలో, స్థిర వడ్డీకి మారాలో ఎంచుకునే అవకాశం ఖాతాదారుకు ఇవ్వాలని అప్పుడు ఆదేశించింది.

కృష్ణా డెల్టా రైతులకు మరో చిక్కు. కిస్తీ నెలనెలా వస్తుంది, వరి డబ్బు ఏడాది చివర్లో, మినుముల డబ్బు వేసవి మొదట్లో వస్తాయి. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం రైతు కుటుంబాలకు అప్పుంది. సగటున 2,45,554 రూపాయలు, దేశ సగటు 74,121. ధాన్యం డబ్బు చేతికొచ్చిన వారంలోనే ఆరు కిస్తీలు వేరే ఖాతాలో వేయడం తప్ప దీనికి నాకు వేరే ఉపాయం తోచదు. పట్నంలో జీతగాళ్లకైతే మూడు కిస్తీలు, అంటే 65,000, పక్కన ఉండాలి. ఆపదలో బయటి సాయం దీనికి చాలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన సాయం 25,000. పైన చెప్పిన అప్పుకు అది ఒక్క కిస్తీ కంటే కాస్త ఎక్కువ.

మూడే ఎందుకంటే, బాకీ 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. ఆలోపు ఒక్క కిస్తీ కట్టినా పాత బాకీ తీరి గడువు జరుగుతుంది. దాటాక మాత్రం బాకీ మొత్తం కడితేనే ఖాతా మామూలు స్థితికి వస్తుంది. తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు. దానికి రాతపూర్వకంగా అభ్యంతరం పంపితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. చాలామంది ఆ నోటీసును విప్పను కూడా విప్పరు, అదే దురదృష్టం. స్వాధీనం తర్వాత మొదటి వేలానికి 30 రోజుల నోటీసు ఉండాలి. స్వాధీనం మీద 45 రోజుల్లోగా విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అంటే మొదటి కిస్తీ తప్పిన నాటి నుంచి వేలం దాకా కనీసం ఆరు నెలలు.

పది రూపాయల వ్యాపారికి ఈ చట్టం వర్తించదు. ఇల్లు కావాలంటే అతను కోర్టుకు పోవాల్సిందే. అందుకే కొందరు తాకట్టు రాయించుకోరు. "అప్పు తీర్చగానే తిరిగి రాసిస్తాం" అని నోటితో చెప్పి అమ్మకపు దస్తావేజే రిజిస్టర్ చేయించుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం తిరిగి ఇచ్చే షరతు అదే దస్తావేజులో ఉంటేనే దాన్ని షరతుతో కూడిన అమ్మకపు తాకట్టుగా చూస్తారు. వేరే కాగితం మీద రాసుకున్న ఒప్పందం దానికి చాలదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేసే ముందు ఆ దస్తావేజు మొదటి పేజీలో "విక్రయం" అని ఉందో, "తనఖా" అని ఉందో చదివించుకోండి.