Precis Writing: ఏడు పేపర్లు బాగా రాసినా ఫలితం ఉండదు.. సారాంశం రాయడం ఇలా నేర్చుకోండి!

సివిల్స్‌కు ప్రిపేర్ అయ్యేవాళ్లు జనరల్ స్టడీస్, ఆప్షనల్ సబ్జెక్ట్ మీదే ఎక్కువ టైమ్ పెడతారు. క్వాలిఫయింగ్ పేపర్లే కదా అని లాంగ్వేజ్ పేపర్లను లైట్ తీసుకుంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మెయిన్స్‌లో భారతీయ భాష, ఇంగ్లీష్ పేపర్లు ఒక్కోటి 300 మార్కులకు ఉంటాయి. రెండింట్లోనూ కనీసం 25 శాతం మార్కులు రాకపోతే మిగతా ఏడు పేపర్లను లెక్కలోకే తీసుకోరు. ఈ రెండింట్లోనూ తప్పకుండా కనిపించే ప్రశ్న ప్రెసీ రైటింగ్, అంటే సారాంశం రాయడం. తెలుగు రాష్ట్రాల్లో గ్రూప్-1 మెయిన్స్ ఇంగ్లీష్ పేపర్ సిలబస్‌లోనూ ఇది ఉంది.

రూల్ ఏంటి?

ఇచ్చిన పేరాను మూడో వంతుకు కుదించి, సొంత మాటల్లో రాయాలి. శీర్షిక పెట్టొద్దని ప్రశ్నలోనే చెబుతారు. అయితే చాలామంది అక్కడో వాక్యం, ఇక్కడో వాక్యం కోసి అతికిస్తారు. అది సారాంశం కాదు, కత్తిరింపు మాత్రమే.

ఈ ఉదాహరణ చూడండి

45 పదాల పేరా ఇది:

"కాకతీయుల కాలంలో ఎన్నో చెరువులు తవ్వించారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఆ కాలానివే. ఒక చెరువు నిండితే అలుగు పారి ఆ నీళ్లు దిగువనున్న మరో చెరువుకు చేరేవి. ఇలా గొలుసుకట్టు చెరువులతో వాన నీరు వృథా కాకుండా పొలాలకు అందేది. తర్వాత పూడిక పేరుకుపోయి, కాలువలు మూసుకుపోయి ఆ గొలుసు తెగింది. రైతులు బోర్లను నమ్ముకోవడంతో భూగర్భ జలాలు అడుగంటాయి."

15 పదాల్లో సారాంశం ఇలా ఉంటుంది:

"కాకతీయుల గొలుసుకట్టు చెరువులు వర్షపునీటిని ఒడిసిపట్టి సాగుకు అందించేవి. అవి పాడై రైతులు బోర్లకు మళ్లడంతో భూగర్భ జలాలు తగ్గిపోయాయి."

ఏం పోయింది? ఏం మిగిలింది?

మూడు చెరువుల పేర్లు పోయాయి, ఎందుకంటే అవి ఉదాహరణలు మాత్రమే. అలుగు ఎలా పారుతుందన్న వివరం 'గొలుసుకట్టు' అన్న ఒక్క మాటలో ఇమిడిపోయింది. పూడిక, కాలువల సంగతి 'పాడై' అన్న మాటలోకి వచ్చేసింది. కానీ ఒకదాని వల్ల ఇంకోటి జరిగిందన్న వరుస మాత్రం చెక్కుచెదరలేదు. చెరువులు పాడయ్యాయి, బోర్లు వచ్చాయి, నీళ్లు తగ్గాయి. ఈ లింక్ తెగితే పదాల లెక్క సరిపోయినా సారాంశం దెబ్బతిన్నట్టే.

ఎక్కువమంది చేసే పొరపాటు

పై పేరా చదివాక 'ప్రభుత్వాల నిర్లక్ష్యం వల్లే చెరువులు పాడయ్యాయి' అని రాయాలనిపిస్తుంది. అది నిజమా కాదా అన్నది ఇక్కడ అనవసరం. పేరాలో ఆ మాట లేదు కాబట్టి రాయకూడదు. సొంత మాటలు వాడాలి కానీ, సొంత అభిప్రాయం కలపకూడదు.

ప్రాక్టీస్ ఇలా చేయండి

* మొదటిసారి పెన్ను పట్టకుండా చదవాలి. 'ఇది దేని గురించి?' అన్నదానికి ఒక్క వాక్యంలో జవాబు చెప్పుకోవాలి.
* రెండోసారి ముఖ్యమైన పాయింట్లను పక్కన రెండు మూడు మాటల్లో రాసుకోవాలి.
* పేరాను మూసేసి ఆ పాయింట్లు చూస్తూ రాయాలి. అప్పుడు సొంత మాటలు వాటంతటవే వస్తాయి.
* పదాలు లెక్కపెట్టాలి. ఎక్కువైతే ముందుగా ఉదాహరణలు, విశేషణాలు, ఒకే విషయాన్ని మళ్లీ చెప్పే వాక్యాలు తీసేయాలి.
* చివరగా అసలు పేరాతో పోల్చి చూడాలి. అందులో లేనిది ఏదైనా చేరితే కొట్టేయాలి.

రోజూ దినపత్రికలో ఒక సంపాదకీయం తీసుకుని ఇలా రాస్తే చాలు. అసలు వ్యాసం చదవని వ్యక్తికి ఆ సారాంశం ఇచ్చి చదవమనండి. విషయం వాళ్లకు అర్థమైతే సరైన దారిలో ఉన్నట్టే.