వేళ్లు కనబడే చెప్పులు ఎవరికి? ఎప్పుడు?

"సిస్టరు గారూ, ఈ ఉక్కలో బూట్లు వేసుకోమంటే ఎలాగండీ?" అని మా ఓ.పి.లో తరచుగా అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మన గోదావరి జిల్లాల్లో ఎండాకాలం చెమట, వానాకాలం బురద. మూసిన బూటులో పాదం నానిపోయి వేళ్ల సందులు పాచిపోతాయి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవారు బజారుకో, ఆఫీసుకో ముందు భాగం తెరిచి ఉన్న శాండల్స్ వేసుకుంటే తప్పేమీ లేదు. గాలాడని ప్లాస్టిక్ బూటు కంటే అవే నయమని నా అభిప్రాయం. అయితే చెప్పుల సంగతి తేల్చేముందు ఒకటి చూసుకోవాలి. మీ పాదానికి స్పర్శ ఉందా?

షుగరు వ్యాధి చాలా ఏళ్లుగా ఉన్నవారిలో కాలి నరాలు దెబ్బతిని, స్పర్శ నెమ్మదిగా తగ్గిపోతుంది. నొప్పి ఉండదు కనుక ఆ సంగతి వారికే తెలియదు. ఒక కాలికే హవాయి చెప్పుతో ఆసుపత్రికి వచ్చేవారిని చూస్తుంటాం. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో వారికి తెలియదు! అటువంటి కాలికి తుమ్మముల్లు గుచ్చుకున్నా, బొటనవేలు రాయికి కొట్టుకున్నా, చీము పట్టి వాసన వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గమనించరు. చివరికి వేలు తీసేయవలసి వస్తుంది. ఒక్కొక్కరికి కాలే తీసేయవలసి వస్తుంది.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. మీరు కళ్లు మూసుకోండి. ఇంట్లోవారు మీ రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్లపాటు తేలికగా తాకాలి. నొక్కకూడదు. తాకినప్పుడల్లా మీరు చెప్పాలి. ఆరింటిలో రెండుగాని అంతకంటే ఎక్కువగాని తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం. వెంటనే డాక్టరుగారికి చూపించండి.

స్పర్శ లేని పాదానికి ఎటువంటి చెప్పు కావాలో మనకు నేర్పినది కుష్ఠు ఆసుపత్రులే. మన జిల్లాలో రామచంద్రపురంలో మిస్ హ్యాచ్ ఆరంభించిన కెల్లాక్ కుష్ఠు ఆశ్రమం పేరు పెద్దవారు వినే ఉంటారు. 1940లలో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు అరిగిపోవడానికి ముఖ్య కారణం నొప్పి తెలియకపోవడమేనని చూపించారు. అటువంటి పాదాలకు వాడుకలోకి వచ్చిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులనే ఇప్పుడు షుగరువారికీ రాస్తున్నారు. ఇవి చాలావరకు వేళ్లు కనబడే చెప్పులే. కాని మడమ వెనుక పట్టీ ఉంటుంది, వేళ్ల మధ్య దూరే పట్టీ ఉండదు. వీటితో వీధిలో తిరగవచ్చు. చేలోకి, రొయ్యల చెరువు గట్టు మీదికి, ఇల్లు కట్టే చోటికి మాత్రం వేళ్లు మూసే బూటే కావాలి. హవాయి చెప్పులు వీరికి పనికిరావు.

మన సంఘాలవారికి ఒక మాట. చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మన అలవాటు. మే నెలలో ఆరాధన ముగిసేసరికి ఆవరణలోని బండలు కాలిపోతుంటాయి. స్పర్శ లేనివారికి బొబ్బలెక్కినా తెలియదు. లోపల వేసుకోవడానికి శుభ్రమైన చెప్పుల జత వేరే ఉంచుకోండి. సంఘ పెద్దలు ఇందుకు అభ్యంతరం చెప్పరనే నా నమ్మకం.

బోదకాలు ఉన్నవారి సంగతి వేరు. 2004 నుంచి ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రలు పంచినా, అంతకు ముందే వాచిన కాళ్లు అలాగే ఉండిపోయాయి. వేళ్ల సందుల పగుళ్లలోంచి సూక్ష్మక్రిములు దూరినప్పుడే చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడుతుంది. వీరికి గాలి తగిలే, పట్టీ వదులు చేసుకోగలిగే చెప్పులే మంచివి. రోజూ సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో వేళ్ల సందులు ఒత్తి ఆరబెట్టాలి.

ఇక పొలం పని. నాట్లు వేసే ఆడవారిని బూట్లు తొడుక్కోమని సలహా ఇచ్చేవారు ఒకసారి ఆ బురదలో దిగి చూడాలి. అడుగు తీసేసరికి బూటు అక్కడే ఉంటుంది. కనుక కాలికి గాయమున్నవారు, షుగరువారు ఆ పనికి దిగకపోవడం మేలు. తక్కినవారు గట్టెక్కగానే మంచినీళ్లతో కడుక్కోవాలి. బురదలో పని చేశాక జ్వరం, పిక్కల నొప్పి వస్తే అది ఎలుక జ్వరం కావచ్చు. బురదలో దిగిన సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. చీకటిపడ్డాక గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం మూసిన బూటు, చేతిలో టార్చి లైటు ఉండాలి. రక్తపింజర కాటు ఎక్కువగా పాదానికే పడుతుంది.

మోటారు సైకిలు వెనుక కూర్చునేవారు సైలెన్సరు తగలకుండా చూసుకోవాలి. మా నర్సింగ్ విద్యార్థినులకు వార్డులో మూసిన బూటే. సూది చేయి జారితే పడేది పాదం మీదే కదా!

చెప్పులు సాయంత్రం పూట కొనండి. అప్పటికి పాదం కొంచెం వాచి ఉంటుంది. స్పర్శ లేనివారు కాగితం మీద పాదం గీయించి, కత్తిరించి, షాపుకి తీసుకువెళ్లండి. అది చెప్పులో ఎక్కడా మడత పడకుండా పట్టాలి. కొత్త చెప్పులు మొదటి రోజు అరగంటే వేసుకుని, విప్పాక ఎక్కడైనా ఎర్రబడిందేమో అద్దం పెట్టి చూసుకోండి.