హెల్మెట్టును ఎన్నుకొను విధము

ఖమ్మము–తల్లాడ రహదారిపై నున్న వైరాకు చుట్టుపట్ల గ్రామములవారు మోటారు సైకిళ్లపై వచ్చుచుందురు. నడుపువారును, వెనుక కూర్చుండువారును హెల్మెట్టు ధరించవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 129వ సెక్షను విధించుచున్నది. కాని జరిమానాకు వెరచి కొన్న వదులు హెల్మెట్టు ప్రమాదవేళ ఊడిపోవును; తలను కాపాడజాలదు.

కొనునపుడు ఐ.ఎస్.ఐ. గుర్తును, ఐ.ఎస్. 4151 అను సంఖ్యను చూడుడు. 2021 జూన్ 1 నుండి ఈ గుర్తు లేనివాటి అమ్మకము నిషిద్ధము. లోపలి థర్మకోల్ పొర తాను నలిగి దెబ్బ తీవ్రతను తగ్గించును. అందుచే ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిని, పైకి బాగుగానున్నను, మరల వాడరాదు.

కనుబొమలకు పైగా తల చుట్టుకొలత తీసి, తగిన సైజు ధరించి చూడుడు. బుగ్గలను అంటియుండవలెను, నుదుట నొప్పి కలుగరాదు. పట్టీ బిగించి వెనుకనుండి ముందుకు ఎత్తినను ఊడరాదు. మన ఎండలకు గాలి రంధ్రములున్నది మేలు.

పంచాయతీ సభ్యులు ముందుగా తాము ధరించి, ఈ పరీక్షలను గ్రామసభలో చేసి చూపుట మంచిది.